రూపాయి వడ్డీ నుంచి ఎక్స్‌ఐఆర్‌ఆర్ దాకా: పెట్టుబడి పదాలన్నింటికీ ఒకే కొలత

గుంటూరు, విజయవాడ ప్రాంతంలో వడ్డీ లెక్క నెలకు, నూటికి నడుస్తుంది. రూపాయి వడ్డీ అంటే వంద రూపాయల అసలు మీద నెలకు ఒక రూపాయి అనీ, రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు రూపాయలనీ గుంటూరు పట్నంబజారు వ్యాపారికైనా, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మెకానిక్‌కైనా వేరే చెప్పనక్కర్లేదు. బ్యాంకులు, పోస్టాఫీసులు, మ్యూచువల్ ఫండ్లు మాత్రం తమ లెక్కను ఏడాదికి చెబుతాయి. రూపాయి వడ్డీ ఏడాదికి 12 శాతం, రెండు రూపాయల వడ్డీ 24 శాతం. ఏడు శాతం ఇచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఊరి లెక్కలోకి మారిస్తే అది నెలకు నూటికి యాభై ఎనిమిది పైసల వడ్డీ. బయట రెండు రూపాయలకు అప్పు తెచ్చి దానికి నెలనెలా వడ్డీ కడుతూనే, బ్యాంకులో ఏడు శాతానికి వేసిన డిపాజిట్‌ను కదిలించకూడదని అలాగే ఉంచుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ రెండు లెక్కలనూ ఒకే కొలతలోకి మార్చి చూసుకోకపోవడమే అందుకు కారణం.

పెట్టుబడి గురించి కొత్తగా తెలుసుకోవాలనుకునేవారి చేతికి సాధారణంగా పదాల పట్టిక ఒకటి ఇస్తారు. అలా బట్టీపట్టిన పదాలు పదిరోజులు కూడా గుర్తుండవు. ఏ పథకమైనా, ఏ అప్పయినా, అన్ని ఖర్చులూ పోను ఏడాదికి ఎంత శాతం పడుతుందో తేల్చుకోవడం ముందు నేర్చుకుంటే, మిగిలిన పదాలు ఆ లెక్క చుట్టూ వాటంతటవే సర్దుకుంటాయి. అందుకు ఇక్కడివారికి బాగా తెలిసిన ప్రోనోటు, చీటీ, కౌలు, ప్లాటు వంటివాటి నుంచే బయల్దేరడం మేలు.

రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం పెట్టించుకున్న ప్రోనోటును ఒకసారి దగ్గరగా చూస్తే, ఆర్థిక శాస్త్రంలో రుణానికి ఉండవలసిన అంగాలు చాలావరకు అందులోనే కనిపిస్తాయి. ఎంత సొమ్ము ఇచ్చారన్నది అసలు. నెల ఒకటికి నూటికి ఎంత అన్నది వడ్డీ రేటు. అడిగినప్పుడు చెల్లిస్తానన్న మాట గడువు. అందులో లేనిది తాకట్టు. బంగారం కుదువ పెట్టి బ్యాంకులో తెచ్చుకునే అప్పుకు వడ్డీ తక్కువగా, ఒట్టి ప్రోనోటు మీద ఇచ్చే అప్పుకు వడ్డీ ఎక్కువగా ఉండటానికి మూలం అక్కడే ఉంది. సొమ్ము తిరిగి రాని అవకాశం ఎంత ఉంటే వడ్డీ అంత పెరుగుతుంది. దీనినే రిస్కుకు ప్రతిఫలం అంటారు. రెండు రూపాయల వడ్డీ తీసుకునే వ్యక్తి 24 శాతం సంపాదిస్తున్నానని అనుకుంటాడు గాని, అవతలివాడు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టిన రోజున అసలుకే మోసం వస్తుంది. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లేనని, ఆ లోపు కొంత సొమ్ము జమ చేయించి నోటు వెనుక సంతకంతో చెల్లు రాయించుకోకపోతే, గడువు దాటాక కోర్టులో వేసిన దావా నిలవదని తెలియక నష్టపోయినవారూ ఉన్నారు. పత్రికల్లో బాండు అని కనిపించే పదం కూడా ఈ కుటుంబంలోనిదే: ప్రభుత్వమో కంపెనీయో రాసిచ్చే నోటు అది, అసలు, వడ్డీ, గడువు దాని మీద ముందే ఖాయమై ఉంటాయి.

వడ్డీ రేటు పైకి ఒకటిగా కనబడి లోపల మరొకటిగా ఉండే చోటు వాయిదాల అప్పు. లక్ష రూపాయలు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీతో ఇచ్చి, అసలు వడ్డీ కలిపి పన్నెండు సమాన వాయిదాల్లో కట్టమన్నారనుకుందాం. మొత్తం 1,12,000 రూపాయలు, అంటే నెలకు 9,333. చూడటానికి ఇది రూపాయి వడ్డీ. అయితే మొదటి నెల నుంచే అసలులో కొంత తిరిగి కట్టేస్తున్నారు. ఏడో నెల దాటేసరికి చేతిలో సగం అసలు కూడా ఉండదు. వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే లెక్కించారు. మిగిలి ఉన్న అసలు మీద మాత్రమే వడ్డీ వేసే పద్ధతిలోకి, అంటే తగ్గుతున్న నిల్వ పద్ధతిలోకి, ఇదే వాయిదాను మార్చి చూస్తే అసలైన రేటు ఏడాదికి దాదాపు 21.5 శాతం. రూపాయి వడ్డీగా మొదలైన అప్పు నిజానికి రూపాయి ఎనభై పైసలకు దగ్గర. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు వ్యక్తులకూ చిన్న వ్యాపారాలకూ ఇచ్చే కొత్త అప్పులకు ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును, అంటే ఏపీఆర్‌ను, ముఖ్యాంశాల పత్రంలో చూపాలని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి చేసింది. అప్పు తీసుకునేవారు ఆ పత్రంలో మొదట వెతకవలసిన అంకె అదే. బండి షోరూములో నెల వాయిదా ఎంతో చెబుతారు గాని ఆ అంకెను తమంతట తాము చెప్పేవారు తక్కువ.

రోజువారీ ఫైనాన్స్‌లో ఈ తేడా మరీ దారుణంగా ఉంటుంది. పదివేలకు వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునే మనిషికి అది పది శాతం కోతగా కనిపిస్తుంది. చేతికి వచ్చింది తొమ్మిది వేలు, అదీ మర్నాటి నుంచే తరిగిపోతూ వస్తుంది కనుక, లెక్క కట్టి చూస్తే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. ఏడాదికి 77 శాతానికి పైమాటే. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ కేసులు రాష్ట్రాన్నే కుదిపేశాయి. ఆ కేసుల్లోని వేధింపులు ఒక ఎత్తయితే, కడుతున్న రేటు ఎంతో తెలియకుండానే అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాల సంగతి మరో ఎత్తు.

ఇక చీటీ. ఈ ప్రాంతంలో మధ్యతరగతి ఇళ్లకు పొదుపైనా, అప్పయినా చాలాకాలం ఇదే. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ తీసుకుందాం. పాటలో ఒకరు పాతిక వేలు వదులుకుని 75 వేలకు చీటీ పాడుకుంటే, ఆ పాతిక వేలలో నిర్వాహకుడి కమీషన్ 5 శాతం చొప్పున ఐదు వేలు పోగా మిగిలిన ఇరవై వేలు సభ్యులందరికీ తలా వెయ్యి డివిడెండుగా పంచుతారు. ఆ నెల అందరూ నాలుగు వేలే కడతారు. మొదటి నెలల్లో పాట ఎక్కువ పోతుంది కాబట్టి కట్టేది తక్కువ, చివరకు వచ్చేసరికి పాట తగ్గి కట్టేది పెరుగుతుంది. సులువు కోసం సగటున నెలకు 4,300 కట్టారనుకుంటే, ఇరవై నెలలకు 86 వేలు.

చివరిదాకా పాడకుండా ఉన్న సభ్యుడికి కమీషన్ పోను 95 వేలు వస్తాయి. 86 వేలకు తొమ్మిది వేల లాభం అంటే పది శాతం కాస్త పైన అనిపిస్తుంది. కానీ 86 వేలూ మొదటి రోజున కట్టలేదు. మొదటి వాయిదా మాత్రమే అంతకాలం చీటీలో ఉంది, ఆఖరి వాయిదా కట్టిన వెంటనే తిరిగి వచ్చింది. సొమ్ము సగటున పది నెలలే చీటీలో ఉంది. ఆ ప్రకారం చూస్తే అతడికి గిట్టింది నెలకు నూటికి రూపాయి కాస్త పైన, ఏడాదికి 12.4 శాతం దాకా. ఇదే చీటీని ఐదో నెలలో 75 వేలకు పాడుకున్నవారి సంగతి వేరు. అప్పటికి తాము కట్టిన 21,500 తమ సొమ్మే. అది తీసేస్తే అప్పుగా వచ్చింది 53,500. దానికి బదులు మిగిలిన పదిహేను నెలల్లో 4,300 చొప్పున 64,500 కడతారు. అది నెలకు నూటికి రెండు రూపాయల నలభై పైసల వడ్డీ. ఆడపిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో తప్పనిసరై చీటీ పాడటంలో తప్పేమీ లేదు. తప్పని అవసరం లేకుండా, పాడుకున్న సొమ్మును ఏడు శాతం డిపాజిట్‌లో వేయడానికి పాడేవారు మాత్రం ప్రతి నెలా నష్టపోతున్నట్టే.

విడివిడి తేదీల్లో కట్టి, విడివిడి తేదీల్లో తీసుకునే సొమ్ముకు ఇలా ఒకే వార్షిక రేటును కనిపెట్టే పద్ధతికి ఎక్స్‌ఐఆర్‌ఆర్ అని పేరు. పేరు చూసి బెదరవలసిన పనిలేదు. కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టికలో ఒక వరుసలో తేదీలు, పక్క వరుసలో కట్టినవి మైనస్ గుర్తుతో, వచ్చినవి ప్లస్ గుర్తుతో రాస్తే ఆ సూత్రం రేటును చెప్పేస్తుంది. చీటీ పాస్‌బుక్కు ఉన్న ఇంట్లో ఇంటరు చదివే పిల్లలు పదినిమిషాల్లో చేయగలిగిన పని ఇది.

చీటీలో రేటు కంటే పెద్ద ప్రశ్న, నడిపేది ఎవరన్నది. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీని చిట్స్ రిజిస్ట్రారు వద్ద నమోదు చేయాలి, నిర్వాహకుడు పూచీ ఉంచాలి. కమీషన్ పరిమితి 5 శాతంగా ఉండేది. 2019 సవరణ చట్టంతో 7 శాతమైంది. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీలో ఈ పూచీలేవీ ఉండవు. నిర్వాహకులు రాత్రికి రాత్రి తాళం వేసి వెళ్లిపోయిన వార్తలు ఈ జిల్లాల పత్రికల్లో ఏటా కనిపిస్తూనే ఉంటాయి. 12 శాతం వస్తుందన్న లెక్క, మొత్తం సొమ్ము పోయే అవకాశాన్ని పక్కన పెట్టి వేసిన లెక్క.

బారువడ్డీకి, చక్రవడ్డీకి తేడాను బడిలో చెప్పే సూత్రం కంటే బాగా చూపే ఉదాహరణ అమరావతిలో ఉంది. 2015లో రాజధాని కోసం భూ సమీకరణలో పొలాలు ఇచ్చిన రైతులకు ఎకరా మెట్ట భూమికి ఏడాదికి 30 వేలు, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 50 వేలు చొప్పున పదేళ్లపాటు కౌలు చెల్లించేలా, ఏటా మెట్టకు 3 వేలు, జరీబుకు 5 వేలు పెంచేలా ఒప్పందం జరిగింది. మొదటి ఏడాది పెంపు పది శాతం. అయితే పెంపు ఎప్పుడూ మొదటి ముప్పై వేల మీదే కాబట్టి, పదో ఏడాది మెట్ట కౌలు 57 వేలకు చేరేసరికి ఆ చివరి పెంపు ఐదున్నర శాతమే. పెంపు మీద కూడా పెంపు పడి ఉంటే, అంటే చక్రవడ్డీ తీరులో ఏటా పది శాతం పెరిగి ఉంటే, పదో ఏట కౌలు 70,700 దాటేది. మొదట 30 వేలు, చివర 57 వేలు, మధ్యలో తొమ్మిది పెంపులు: ఈ ప్రయాణాన్ని ఏడాదికి ఒకే సమాన రేటుగా చెబితే 7.4 శాతం. సీఏజీఆర్ అని పత్రికలు రాసే వార్షిక సగటు వృద్ధి అదే. మధ్యలో కట్టడం, తీయడం లేకుండా ఒక మొదలు, ఒక తుది ఉన్న లెక్కకు సీఏజీఆర్ సరిపోతుంది. వాయిదాలున్న చోట ఎక్స్‌ఐఆర్‌ఆర్ కావాలి.

చక్రవడ్డీ బలం కాలంలో ఉంది. ఏడు శాతం వడ్డీని మూడు నెలలకోసారి అసలులో కలిపే డిపాజిట్‌లో లక్ష రూపాయలు పదేళ్లకు రెండు లక్షలవుతుంది. బారువడ్డీ అయితే 1,70,000 దగ్గర ఆగుతుంది. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము రెట్టింపయ్యే ఏళ్లు దాదాపుగా వస్తాయన్న చిట్కా నోటిలెక్కకు చాలు. ఇదే చిట్కా ధరలకూ పనిచేస్తుంది: ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఈరోజు నెలకు ముప్పై వేలతో గడిచే ఇంటికి పన్నెండేళ్ల తరువాత అరవై వేలు కావాలి. ధరల పెరుగుదల, అంటే ద్రవ్యోల్బణం, 4 శాతం దగ్గర ఉండేలా, రెండు శాతం అటూ ఇటూ మించకుండా చూడటం రిజర్వు బ్యాంకుకు అప్పగించిన లక్ష్యం. ఏడు శాతం డిపాజిట్ మీద 20 శాతం శ్లాబులో పన్ను పోతే, సెస్సును పక్కన పెట్టినా మిగిలేది 5.6 శాతం. ఆ ఏడాది ధరలు 5 శాతం పెరిగితే కొనుగోలు శక్తిలో నిజంగా పెరిగింది అర శాతం పైచిలుకు మాత్రమే. నిజ రాబడి అనే పదానికి ఇంతకు మించిన వివరణ అక్కర్లేదు.

ప్లాటు గురించి మాట్లాడేటప్పుడు ఈ కొలతను జనం పూర్తిగా మరిచిపోతారు. పది లక్షలకు కొన్న స్థలం పదేళ్లకు ముప్పై లక్షలైందంటే మూడింతలైందని చెప్పుకుంటారు. వార్షిక లెక్కలో అది 11.6 శాతం. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అమ్మేటప్పుడు మధ్యవర్తికి రెండు శాతం పోయాయనుకుంటే 10.6 శాతానికి దిగుతుంది. మంచి రాబడే, కాని మూడింతలన్న మాట వినిపించినంత గొప్పది కాదు. పైగా అవసరమైన రోజున అమ్ముడవుతుందన్న హామీ లేదు. 2014 తరువాత ఆకాశానికి ఎగిసిన రాజధాని ప్రాంత స్థలాల ధరలు 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వెలువడ్డాక పడిపోవడం, కొనేవాళ్లు కనబడక అమ్మకాలు నిలిచిపోవడం ఇక్కడివారు కళ్లారా చూసినదే. తక్కువ నష్టంతో త్వరగా సొమ్ము చేసుకునే వీలును లిక్విడిటీ అంటారు. భూమికి అది తక్కువ, బంగారానికి ఎక్కువ.

మిర్చి రైతుకు లిక్విడిటీ అంటే ఏమిటో మరీ బాగా తెలుసు. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలో మిర్చి టిక్కీలు (బస్తాలు) నిల్వ పెట్టి, స్టోరేజీ ఇచ్చిన రసీదు తాకట్టు మీద అప్పు తెచ్చుకుని ధర కోసం ఎదురుచూసే రైతు, ఒక విధంగా, అప్పు చేసి సరుకు ధర మీద పెట్టుబడి పెడుతున్నట్టే. ధర పెరిగితే లాభం, పెరగకపోతే స్టోరేజీ అద్దె, అప్పు మీద వడ్డీ రెండూ నెత్తిన పడతాయి. అంతకుముందు రెండేళ్లలో క్వింటా 20 వేలు దాటి అమ్ముడైన మిర్చి ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. అప్పు తెచ్చి షేర్లు కొనేవారు కూడా సరిగ్గా ఈ స్థితిలోనే ఉంటారు. దానికి లివరేజీ అన్న పేరు తగిలించినంత మాత్రాన ప్రమాదం మారదు.

జీవిత బీమాలో పొదుపు కలిపిన పాలసీలకూ ఇదే కొలత వేయాలి. ఏడాదికి యాభై వేల చొప్పున ఇరవై ఏళ్లు కట్టి, గడువు తీరాక 18 లక్షలు వచ్చే పాలసీ ఉందనుకుందాం. పది లక్షలకు పద్దెనిమిది లక్షలు అని ఏజెంటు చెప్పే మాట అబద్ధం కాదు. వార్షిక రేటు మాత్రం 5.3 శాతం. బీమా రక్షణ కూడా ఉంది కదా అనవచ్చు; ఆ రక్షణ ఎంతో విడిగా చూస్తే, అదే ప్రీమియంలో చిన్న భాగంతో దొరికే, పొదుపు కలపని టర్మ్ పాలసీ దానికి ఎన్నో రెట్ల కవరేజీ ఇస్తుంది. ఇంట్లో సంపాదించే మనిషి మీద నలుగురు ఆధారపడి ఉన్నప్పుడు మొదట కావలసినది ఆ పెద్ద కవరేజీ. పొదుపునూ బీమానూ ఒకే మూటలో కట్టుకోవడం వల్ల రెండూ చాలీచాలకుండా మిగిలిన ఇళ్లు ఈ రెండు నగరాల్లో లెక్కలేనన్ని.

ఇప్పటిదాకా చెప్పుకున్నవాటిలో చాలావరకు అప్పు ఇవ్వడం, తీసుకోవడం. షేరు వేరు జాతి. డిపాజిటర్‌కూ షేర్‌హోల్డర్‌కూ ఉన్న తేడాను ఆంధ్రా బ్యాంకు చరిత్ర స్పష్టంగా చూపుతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. డిపాజిట్ ఉన్నవారి సొమ్ము పైసా మారకుండా, అదే రేటుతో, అదే గడువుతో కొత్త బ్యాంకుకు బదిలీ అయింది. షేర్లు ఉన్నవారికి మాత్రం ప్రతి వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. ఆ తరువాత వాటి విలువ పెరిగినా తగ్గినా అది వారి అదృష్టమే. డిపాజిటర్ బ్యాంకుకు అప్పు ఇచ్చినవాడు, అతడికి రావలసింది మాట ప్రకారం ఖాయం. షేర్‌హోల్డర్ యజమానుల్లో ఒకడు. అందరికీ ఇవ్వవలసినవి ఇచ్చాక మిగిలిన దాంట్లోనే అతడి వాటా. లాభంలో పంచిపెట్టే భాగం డివిడెండు, షేరు ధర పెరుగుదల మూలధన లాభం. రెండింటికీ ఎవరూ పూచీపడరు.

డిపాజిట్‌కు ఉన్న పూచీకీ హద్దు ఉంది. డిపాజిట్ బీమా సంస్థ ఒక బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల దాకా రక్షణ ఇస్తుంది; 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. విజయవాడలోని దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సును 2024 నవంబరులో రిజర్వు బ్యాంకు రద్దు చేసినప్పుడు, డిపాజిటర్లలో 95 శాతానికి పైగా మందికి మొత్తం సొమ్ము ఈ బీమా కింద అందే వీలుంది. అదే సొమ్ము పరస్పర సహాయక సహకార సంఘంలోనో, ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘంలోనో ఉంటే ఈ బీమా వర్తించదు. బోర్డు మీద బ్యాంకు లాంటి పేరున్నా సరే. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో పలు రాష్ట్రాలకు చెందిన లక్షల మంది స్థలాల పేరుతో సొమ్ము కట్టారు. చెల్లింపులు ఆగిపోయాక ఏళ్లు గడిచాయి. పదివేల లోపు కట్టినవారికి 2019లో, ఇరవై వేల లోపు వారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. సొమ్ము సేకరించే సంస్థకు అనుమతి ఉందో లేదో చూసుకోవడానికి, ఫిర్యాదు చేయడానికి రిజర్వు బ్యాంకు సచేత్ అనే పోర్టల్ నడుపుతోంది. కూలి డబ్బు దాచుకున్నవారు మళ్లీ అలాంటి చోట పోగొట్టుకోకూడదంటే, రేటు అడగడానికి ముందు అనుమతి అడగాలి.

మ్యూచువల్ ఫండ్ చాలామంది సొమ్మును కలిపి, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమాల కింద షేర్లలోనో బాండ్లలోనో పెట్టే ఏర్పాటు. ఫండ్ దగ్గరున్న ఆస్తి నికర విలువను యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఎన్‌ఏవీ. పది రూపాయల ఎన్‌ఏవీతో కొత్తగా వచ్చిన ఫండ్ చవక అని, ఐదు వందల ఎన్‌ఏవీ ఉన్నది ఖరీదు అని అనుకోవడం బాగా పాతుకుపోయిన పొరపాటు. పదివేలు పెడితే మొదటిదానిలో వెయ్యి యూనిట్లు, రెండోదానిలో ఇరవై యూనిట్లు వస్తాయి. రెండూ పది శాతం పెరిగితే రెండు చోట్లా పదకొండు వేలే. సిప్ అంటే నెలనెలా నిర్ణీత మొత్తం పెట్టడం మాత్రమే, అదొక ప్రత్యేక పథకం కాదు. ధర తగ్గిన నెలలో అదే సొమ్ముకు ఎక్కువ యూనిట్లు వస్తాయి, అంతే. నష్టం రాదన్న హామీ అందులో లేదు.

షేర్ల ఫండ్లలో హెచ్చుతగ్గులు ఎంత తీవ్రంగా ఉంటాయో తెలియాలంటే షేర్ల ధరల సూచీ సెన్సెక్స్ చరిత్రలో రెండు పతనాలు చాలు. 2008 జనవరిలో 21 వేలను తాకిన సూచీ అదే ఏడాది అక్టోబరులో 9 వేల దిగువకు పడింది. మళ్లీ 21 వేలను అందుకోవడానికి 2010 నవంబరు దాకా పట్టింది. 2020 జనవరిలో 42 వేలకు చేరినది మార్చిలో 26 వేల దిగువన ముగిసి, నవంబరులోనే కోలుకుంది. ఒకసారి దాదాపు మూడేళ్లు, ఒకసారి పది నెలలు. సగానికి పడిన సొమ్ము మొదటి చోటుకు రావాలంటే నూరు శాతం పెరగాలి కాబట్టి, రెండేళ్లలో కాలేజీ ఫీజుకు కావలసిన సొమ్మును అక్కడ పెట్టకూడదు. పదిహేనేళ్ల తరువాతి అవసరానికి దాచే సొమ్ములో కొంత అక్కడ పెట్టకపోవడం కూడా ధరల పెరుగుదల ముందు వెనకబడటమే.

ఫండ్ నిర్వహణ ఖర్చుకు ఏటా ఆస్తిలో నుంచి కోసుకునే శాతం ఎక్స్‌పెన్స్ రేషియో. అది బిల్లుగా రాదు, ఎన్‌ఏవీలోనే కలిసి తగ్గిపోతుంది, అందుకే ఎవరి కంటా పడదు. నెలకు పదివేలు ఇరవై ఏళ్లు, అంటే 24 లక్షలు పెట్టి, లెక్క కోసం ఏడాదికి 12 శాతం రాబడి అనుకుంటే చివరకు దాదాపు 99 లక్షలు. ఖర్చు ఒక శాతం ఎక్కువై రాబడి 11 శాతానికి తగ్గితే 86 లక్షల చిల్లర. ఒక్క శాతానికి పన్నెండు లక్షలు. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఒకటి, కమీషన్ కలిసిన రెగ్యులర్ ప్లాన్ ఒకటి ఉంటున్నాయి. సలహా ఇచ్చి, మార్కెట్ పడినప్పుడు ధైర్యం చెప్పి నిలబెట్టే మంచి ఏజెంటుకు ఆ కమీషన్ దండగ కాదు. తాము ఏ ప్లాన్‌లో ఉన్నారో, దానికి ఏటా ఎంత కడుతున్నారో మాత్రం పెట్టుబడిదారుకు తెలిసి ఉండాలి. స్టేట్‌మెంటులో ఫండ్ పేరు చివర డైరెక్ట్ అని ఉందో, రెగ్యులర్ అని ఉందో చూస్తే మొదటిది తెలుస్తుంది, రెండోది ఫండ్ సంస్థ వెబ్‌సైటులో ఉంటుంది.